నలభై ఏడో నంబరు బస్సు

"వైరు ఇవ్వక్కా."

"ఇవ్వను."

అక్క కుట్టుమిషను ముందు కూర్చుంది గానీ కుట్టడం లేదు. ఎవరో ఆర్డరిచ్చిన నీలం పరదాలు ఒళ్ళో కుప్ప పోసుకుంది. ఆ కుప్ప కింద ఎక్కడో, ఇంటర్నెట్ పెట్టె నుంచి పీకేసిన వైరు ఉంది. గుడ్ల మీద కోడి కూర్చున్నట్టు దాని మీద కూర్చుంది.

చిన్ని ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది.

"వైరు పీకితే ఏమవుతుందనుకున్నావు?"

"నీ పేరు కనపడకుండా పోతుంది."

"పోదు. అది మనింట్లో లేదక్కా."

"మనింట్లోంచేగా వెళ్ళింది! ఈ బల్ల మీద కూర్చుని, నా కత్తెర పక్కకి నెట్టి మరీ పంపావుగా!"

అక్క మామూలుగా మాట్లాడితేనే పై అంతస్తు వాళ్ళు జవాబు చెబుతారు. అలాంటిది ఇవాళ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. పెళ్ళయిన కొత్తలో తప్ప అక్క గొంతు తగ్గించింది లేదు. అందుకే చిన్నికి ఇంకా భయం వేసింది.

బావ గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, పని బట్టల్లోనే. లిఫ్టులు బాగుచేసే మనిషి. భార్య ఫోన్ చేసి "వెంటనే రా" అని పెట్టేస్తే, ఎవరి లిఫ్టు ఏ అంతస్తుల మధ్య వేలాడుతోందో కూడా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ గ్రీజు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"నాకొకటి అర్థం కావట్లేదు," అన్నాడు చివరికి. "నువ్వొచ్చినప్పటి నుంచీ పంపుతూనే ఉన్నావుగా, ఆ ప్యాచ్‌లేవో. ఎప్పుడూ లేనిది ఇప్పుడేమైంది?"

బావకి జవాబు చెప్పాలంటే తప్పు ఎక్కడ మొదలైందో చెప్పాలి. అది బావ దగ్గరే మొదలైంది.

చూపు లేనివాళ్ళ కోసం, కంప్యూటరు తెర మీది రాతను పైకి చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని ఏ కంపెనీ తయారు చెయ్యలేదు. ఒకరి మొహం ఒకరు చూడని వాళ్ళు, తలా ఒక చోట కూర్చుని, తలా ఒక తప్పు దిద్ది పంపుతూ ఉంటారు. ఆ దిద్దుబాటునే ప్యాచ్ అంటారు. దాన్ని పరీక్షించి అసలు ప్రోగ్రాములో కలిపే పెద్దాయన ఒకరున్నారు. ఏ ప్యాచ్‌నైనా నెలల తరబడి నానబెడతారు కనుక అందరూ ఆయన్ని తాబేలు అంటారు. ఆయనే ముచ్చటపడి ఆ పేరు పెట్టేసుకున్నారు. చిన్ని అక్కడ పిచ్చుక. ఇంటి పేరు లేదు, ఊరు లేదు, మొగుడు లేడు. పిచ్చుక అంటే చాలు.

పోయిన వారం చిన్ని కంప్యూటరు చచ్చిపోయింది. బావకి జాలేసింది. మరదలు ఈ ఇంటికి వచ్చిన రోజున సంచీ అడుగున తెచ్చుకున్న పాత లాప్‌టాప్ అటక మీద ఉంటే, చెప్పా పెట్టకుండా పట్టుకెళ్ళి బాగుచేయించి తెచ్చాడు. తెచ్చి పుట్టినరోజు బహుమతి ఇచ్చినంత గర్వంగా బల్ల మీద పెట్టాడు.

"అది ఆ మనిషి సర్దిపెట్టిన లాప్‌టాప్ బావా," అంది చిన్ని. చాలా నెమ్మదిగా అంది.

ఆ ఇంట్లో చిన్ని మొగుడి పేరు ఎవరూ పలకరు. ఆ మనిషి అంటారు.

"అయితే?"

"గిట్ అని ఒకటుంటుంది. దాంతోనే ప్యాచ్‌లు కట్టి పంపుతాం. ప్రతి ప్యాచ్ మీదా ఎవరు చేశారు, వాళ్ళ మెయిలేంటి, ఏ దేశపు గడియారంలో ఎన్నింటికి చేశారు, అన్నీ అదే ముద్ర కొట్టేస్తుంది. మనల్ని అడగదు. ఒకసారి చెప్పిపెడితే అదే ఎప్పటికీ. ఈ లాప్‌టాప్‌లో చెప్పిపెట్టింది అతను. నా పేరు, పక్కన అతని ఇంటి పేరు, అతను తెరిచి నాకిచ్చిన మెయిలు. దాని పాస్‌వర్డ్ ఇప్పటికీ అతని దగ్గరే ఉంది."

బావ మొహం పాలిపోయింది.

"చూసుకోవాల్సింది," అంది చిన్ని. "ఒక్క లైను కొట్టి చూస్తే తెలిసేది. కొత్త కంప్యూటర్లో మొట్టమొదట చెయ్యాల్సిన పనే అది. మర్చిపోయాను. ప్రోగ్రాము అంకెలు తప్పు చదువుతోందని కనిపెట్టిన సంతోషంలో మర్చిపోయాను."

పొద్దున టీ తాగుతూ ప్రాజెక్టు పేజీ తెరిచింది. తన ప్యాచ్ అప్పుడే కలిపేసి ఉంది. తాబేలు ఇంత వేగంగా కలపడమేమిటని నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు సగంలో ఉండగా, ప్యాచ్ పక్కన గుండ్రటి చిన్న ఫోటో కనపడింది. ఆ మెయిలుకి అతను ఎప్పుడో తగిలించిన ఫోటో. అందులో చిన్ని నవ్వుతోంది. ఆమె భుజం మీద ఒక మగ చెయ్యి ఉంది. చెయ్యి మాత్రమే. మిగతా మనిషి గుండ్రటి అంచుకు అవతల ఉండిపోయాడు.

టీ కప్పు కింద పడింది. ఆ చప్పుడికే అక్క వచ్చింది.

"నేనే తెచ్చాను దాన్ని," అన్నాడు బావ.

"అవును, నువ్వే తెచ్చావు," అంది అక్క. "ఎవరినీ అడగవు. అడిగితే నీ సొమ్మేం పోయింది? బాగుచెయ్యగలనని తెలిస్తే చాలు, కాష్ఠంలో ఉన్నదాన్నైనా లేపి తెస్తావు!"

"అక్కా, బావనేమీ అనకు."

"అంటాను! నిన్నూ అంటాను. రూపాయి రాని పని. ఎవడి కోసం? ఎక్కడో ఎవరికో అంకెలు సరిగ్గా వినపడకపోతే నీ కొంపేం మునిగింది?"

జవాబు చెప్పాలంటే చిన్నికి చెప్పడానికి ఉంది. ఆ మనిషి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె చేసినవన్నీ తప్పులే. కూరలో ఉప్పు, తలుపు వేసిన తీరు, ఫోన్లో ఎవరితోనో నవ్విన నవ్వు, రాసిన కోడు. ఎప్పుడూ అరిచేవాడు కాదు. పక్కన నిలబడి, వేలు పెట్టి చూపించి, "సరిచేసుకో" అనేవాడు. సరిచేసుకునే దాకా అక్కడే నిలబడేవాడు. ఒకసారి తెల్లారే దాకా నిలబడ్డాడు. ఇక్కడికొచ్చాక మొదటి ప్యాచ్ పంపినప్పుడు తాబేలు "ధన్యవాదాలు, బాగుంది" అని రాశారు. ఆ రెండు మాటలూ చూసి చిన్ని బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

ఇవన్నీ అక్కకి తెలియవు. తెలిస్తే అక్క ఆ మనిషిని వెతుక్కుంటూ కత్తెరతో బయల్దేరుతుంది.

బావ లేచాడు. "ఇవాళ ఒంటిపూట బడి, బుజ్జిని వదిలే టైమైంది. నేను తీసుకొస్తా."

"ఆగు," అంది అక్క. "ఇది తేలాలి ముందు. చిన్నీ, ఇప్పటికైనా నీ కూతురికి చెబుతావా లేదా?"

చిన్ని కళ్ళు దించుకుంది.

"వాళ్ళ నాన్న వచ్చి రమ్మంటే వెళ్ళొద్దని చెప్పమన్నాను. ఎన్నిసార్లు చెప్పాను నీకు? నువ్వేమో నాన్నకి దూరంగా ఉద్యోగం, సెలవు దొరికితే వస్తాడు అని కబుర్లు చెబుతావు. ఆ పిల్ల రోజూ బొమ్మలేసి దాస్తోంది, నాన్న వస్తే చూపించాలని!"

"దానికి ఏడేళ్ళక్కా."

"ఏడేళ్ళ పిల్లకి నిప్పు కాలుతుందని చెప్పమా?"

"నేను పడ్డ భయం దానికి వద్దు. ఈ ఇంట్లో హాయిగా నిద్రపోయేది అదొక్కతే. దాన్ని కూడా ఉలిక్కిపడేలా చెయ్యమంటావా?"

అక్క కుట్టుమిషను చక్రాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పింది.

బావ బూట్లు వేసుకున్నాడు. "కాస్త ఆలస్యమైనా కంగారు పడకండి. పొద్దున్నుంచీ మిల్లు గేటు ముందు రోడ్డు తవ్వుతున్నారు. బస్సు అక్కడ ఆపట్లేదు, అవతల మందుల షాపు ముందు ఆపుతున్నాడు. నేను వచ్చేటప్పుడు అక్కడే దిగాను." తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "చిన్నీ, నేను కావాలని..."

"తెలుసు బావా."

తలుపు వేసుకుంది. అక్క లేచి గొళ్ళెం పెట్టింది. ఆ తర్వాత పైది కూడా పెట్టింది. పై గొళ్ళెం వాళ్ళు ఎప్పుడూ పెట్టరు.

"సరే," అంది వెనక్కి తిరిగి. "నీ పేరు చూశాడే అనుకో. బతికున్నావని తెలుస్తుంది. ఏ దేశమో తెలుస్తుందేమో. మేం ఈ ఊరికి మారిన సంగతి కూడా అతనికి తెలీదు, ఇంత పెద్ద దేశంలో మన ఇల్లు ఎలా దొరుకుతుంది? గాలిలో వెతకాలి."

అక్క తనకు తాను ధైర్యం చెప్పుకుంటోంది. చెల్లెలు అవునంటే చాలు, కూర్చుని పరదాలు కుట్టుకునేలా ఉంది.

చిన్ని కళ్ళార్పకుండా అక్కనే చూసింది.

"ఏంటి?" అంది అక్క. "ఏంటలా చూస్తావు? ఇంకా ఉందా?"

"ఆ ప్రాజెక్టులో ఒక నియమం ఉంది. తప్పు దిద్దితే సరిపోదు. దిద్దినట్టు రుజువు చెయ్యడానికి ఒక నమూనా వాక్యం కూడా జతచెయ్యాలి. ప్రోగ్రాము దాన్ని సరిగ్గా చదివితేనే ప్యాచ్ తీసుకుంటారు. ఆ వాక్యం కూడా ప్యాచ్‌తో పాటే ఉండిపోతుంది."

"అయితే?"

"అంకెల తప్పు కదా. నలభై ఏడవ అని రాయడానికి నాలుగు, ఏడు, పక్కన వ అని వేస్తే, అది 'నాలుగు ఏడు వ' అని చదివేది. అంకె ఉన్న వాక్యం కావాలి నాకు. తల పైకెత్తాను."

చిన్ని కిటికీ వైపు చూసింది. అక్క కూడా చూసింది.

కిటికీ కింద వీధి. వీధికి అవతల మూతపడ్డ నూలు మిల్లు, తుప్పు పట్టిన గేటు. గేటు పక్కన బస్సుల బోర్డు. మూడో అంతస్తు నుంచి కూడా చక్కగా కనపడేంత పెద్ద అక్షరాలు.

"ఏం రాశావు?"

"నలభై ఏడో నంబరు బస్సు నూలు మిల్లు గేటు దగ్గర ఆగుతుంది."

తిడుతుందని చిన్ని ఎదురుచూసింది. తిడితే బాగుండుననిపించింది. అక్క వంగి, పరదాల కుప్ప కింద నుంచి వైరు తీసి, చెల్లెలి చేతిలో పెట్టింది. తర్వాత కిటికీకి ఉన్న పరదా మూసేసింది.

"ఏం చెరపగలవో చెరుపు," అంది.

*

"తాబేలుగారూ, ఉన్నారా?"

"ఉన్నాను పిచ్చుకగారూ. నేనెక్కడికి పోతాను, పోయినా ఎంత దూరం పోతాను."

మామూలు రోజైతే చిన్ని నవ్వేది. అక్క ఆమె వెనకాల నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని, తెర మీద వచ్చే ప్రతి మాటా చదువుతోంది.

"మొన్న కలిపిన అంకెల ప్యాచ్ తీసేయాలండీ."

"అయ్యో, ఎందుకు? ఎవరో కొత్తావిడ పంపారు. చాలా శుభ్రంగా ఉంది. నలభై ఏడో నంబరు బస్సు అని మనిషి చదివినట్టు చదువుతోంది. ముచ్చటేసి మళ్ళీ మళ్ళీ విన్నాను."

"ఆ కొత్తావిడ నేనే."

"మీ అసలు పేరా అది?"

"పొరపాటున వెళ్ళింది. పైన ఇంకో ప్యాచ్ వేసి తీసేస్తే చాలదు. అడుగున పాతది అలాగే ఉండిపోతుంది, ఎవరైనా తవ్వి చూడొచ్చు. మొత్తం చరిత్రలోంచే తీసెయ్యాలి. అది లేనట్టే మళ్ళీ రాయాలి."

"పిచ్చుకగారూ, మన దగ్గర చరిత్ర తిరగరాయం. ఆ నియమం పెట్టిందే నేను. అందరి దగ్గరా నకళ్ళు ఉన్నాయి, అన్నీ తలకిందులవుతాయి. అసలు పేరు బయటపడితే అంత సిగ్గుపడాల్సిందేముంది? మంచి పేరే."

"ఏమంటున్నాడు, కాదంటున్నాడా?" అంది అక్క, చదువుతూ కూడా.

"కాదంటున్నారు."

"అయితే ఉన్నది చెప్పు."

"ఎలా చెప్పను? ఆయనెవరో కూడా నాకు తెలీదు."

"రెండేళ్ళ నుంచి ఆయనకి పని చేసిపెడుతున్నావు. నాకంటే ఎక్కువ మాట్లాడావు ఆయనతో. చెప్పు."

చిన్ని వేళ్ళు మీటల మీద పెట్టింది. ఆ మాటలు పోలీసు స్టేషన్లో ఒకావిడకి చెప్పింది, కోర్టులో తల వంచుకుని చెప్పింది. మళ్ళీ ఎవరికీ చెప్పకూడదనుకుంది. పైగా తాబేలుకి చూపు లేదు. ఆమె రాసేదంతా ఆ ప్రోగ్రామే, ఆ చదును గొంతుతోనే, ఆయన గదిలో పైకి చదువుతుంది. తన బతుకు ఎవరో తెలియనివాళ్ళ ముందు గదిలో వార్తల్లా వినపడడం తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

"ఒక మాట అడగనా? మీ దగ్గర ఇప్పుడు ఎవరైనా ఉన్నారా? ఇది బయటికి వినపడుతోందా?"

"లేదు. చెవిలో పెట్టుకునే వింటున్నాను. ఒక్కణ్ణే ఉన్నాను. చెప్పండి."

చిన్ని రాసింది. ఎక్కువ రాయలేదు. ఒక మనిషి నుంచి తప్పించుకుని బతుకుతున్నానని, కోర్టు అతన్ని దగ్గరికి రావద్దందని, వచ్చినా ఆ కాగితం తలుపుకి అడ్డం పడదని రాసింది. కూతురుందని, "నువ్వెక్కడున్నా సరే, పిల్లని తీసుకుపోతాను" అని అతను అన్నాడని రాసింది. ఆ మెయిలూ దానికున్న ఫోటో అతనివని, ఆ వాక్యంలో ఉన్న బస్సు తన కిటికీలోంచి కనపడే బస్సని రాసింది. రాసినంతసేపూ అక్క చెయ్యి ఆమె తల మీద ఉంది.

పంపాక తెర ఖాళీగా ఉండిపోయింది. ఆ చదును గొంతు అవతల ఎక్కడో ఇదంతా చదువుతోందన్నమాట.

"చరిత్ర తిరగరాస్తాను," అని వచ్చింది. "ఇప్పుడే మొదలుపెడుతున్నాను. నకళ్ళున్న వాళ్ళందరికీ పాతది పారేసి కొత్తది తెచ్చుకోమని చెబుతాను. ఎందుకని అడిగితే నా ఇష్టమంటాను. కానీ ఒకటి చెప్పాలి. మన వాకిలి నేను కడగగలను. ఇప్పటికే తొక్కి వెళ్ళినవాళ్ళ కాళ్ళు కడగలేను."

"తెలుసండీ."

"ఇంకొకటి. ఫోటో ఉందన్నారు, అది నాకు కనపడే వీల్లేదు. పేరు విన్నాను. పాతవాళ్ళ ప్యాచ్‌లు ఎంత నానబెట్టినా ఊరుకుంటారు గానీ, కొత్తవాళ్ళ మొదటి ప్యాచ్ ఆపితే మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు. అందుకని వాళ్ళది వచ్చిన రోజే చూస్తాను. మీ పేరుతో వచ్చి ఉంటే ఇంకా నా దగ్గరే పడి ఉండేది. కొత్తావిడ అనుకునే వెంటనే కలిపాను. స్వాగతమని ఆ రాత్రే జవాబు కూడా రాశాను."

చిన్ని ఆ చివరి లైను రెండోసారి చదివింది.

"ఏ మెయిలుకి?"

"ప్యాచ్ మీద ఉన్నదానికే. మీకు రాలేదా?"

అక్క చెయ్యి తల మీద నుంచి జారి భుజం మీద బిగుసుకుంది. అతను వెతకనక్కర్లేకపోయింది. పిలిచి మరీ చేతికిచ్చారు. స్వాగతమని కూడా అన్నారు.

"రాలేదు," అని రాసింది చిన్ని.

"క్షమించండి," అన్నారు తాబేలు. ఆ తర్వాత ఇంకేమీ రాయకుండా పనిలో పడిపోయారు.

అక్క వంటగదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. చెల్లెలు తాగకపోతే తనే తాగేసింది.

"మొన్న రాత్రి తెలిసింది అతనికి," అంది. "నిన్నంతా ఉంది. ఇవాళ ఉంది. సంచులు సర్దుతాను. బావ రాగానే వెళ్ళిపోదాం. ఎక్కడికో తర్వాత చూద్దాం."

"నువ్వెక్కడికొస్తావు? నీ మిషను, నీ ఇల్లు..."

"నోర్ముయ్. మిషనుకి కాళ్ళున్నాయి."

అటక మీద నుంచి సంచులు లాగుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు చిన్నికి కాస్త ధైర్యాన్నిచ్చింది. అక్క ఇలా దబదబలాడిస్తూ పని చేస్తుంటే లోకంలో ఏదీ మరీ అంత ఘోరంగా ఉండదనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

తెర మీద తాబేలు మాట మెరిసింది.

"అయింది. మీ పేరు లేదు, మెయిలు లేదు, వాక్యం లేదు. దిద్దుబాటు మాత్రం ఉంచాను, నా పేరు మీద వేసుకున్నాను. ఏమీ అనుకోవద్దు."

పేజీ మళ్ళీ తెరిచి చూసింది. గుండ్రటి ఫోటో లేదు. భుజం మీద చెయ్యి లేదు. పొద్దున్నుంచీ మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది.

"పోయిందక్కా!" అని అరిచింది.

"పోయిందా?" అక్క సంచీతో సహా పరిగెత్తుకొచ్చింది.

"పోయింది."

అక్క మొహం విప్పారింది. చెల్లెల్ని పట్టుకుని ఊపేసింది. తాబేలు ఆయుష్షు ఆయనకి రావాలంది. ఆయనకి తన చేత్తో ఇంటినిండా పరదాలు కుట్టి ఇస్తానంది. చూపులేనాయనకి పరదాలెందుకని ఇద్దరికీ ఒకేసారి తట్టి, భయంతోనే పిచ్చిగా నవ్వారు.

నవ్వు ఆగకముందే ఇంకో మాట వచ్చింది.

"పిచ్చుకగారూ, చర్చ పేజీలో ఆ ప్యాచ్ కింద ఎవరో ఇప్పుడే జవాబు రాశారు. నేను ఆ పేజీ చెరిపేసేలోపలే పడింది. పేరు పెట్టుకోలేదు. నమూనా వాక్యంలో తప్పుందట. ఏదైనా పనికొచ్చే మాటేమోనని మీకు పంపుతున్నాను."

కింద అది ఉంది.

"వాక్యం తప్పు. నలభై ఏడో నంబరు బస్సు మిల్లు గేటు దగ్గర ఆగడం లేదు. మందుల షాపు ముందు ఆగుతోంది. సరిచేసుకో."

చిన్ని చదివింది. మొదట ఏమీ అనిపించలేదు. తర్వాత చివరి మాట ఎవరిదో గుర్తుపట్టింది.

"ఏంటది?" అంది అక్క. "షాపు ముందు ఆగుతోందని వాడికెలా తెలుసు? బావ కూడా పొద్దునేగా..."

పొద్దున తవ్విన రోడ్డు సంగతి ఏ పేజీలోనూ లేదు. ఆ వీధిలో నిలబడి చూసినవాడికే తెలుస్తుంది.

"ఫోన్ చెయ్యి! బావకి ఫోన్ చెయ్యి!"

చిన్ని తన బటన్ల ఫోన్ తీసింది. వేళ్ళు తడబడి రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. మూడోసారి కలిసింది. అవతల బస్సు రొద, బుజ్జి ఏదో పాడుతున్న గొంతు.

"బావా, దిగొద్దు! అక్కడ దిగొద్దు!"

"ఆఁ, వచ్చేశాం, దిగుతున్నాం," అన్నాడు బావ గట్టిగా. "వినపట్లేదు చిన్నీ, ఇంటికొచ్చి మాట్లాడతా." పెట్టేశాడు.

అక్క పరదా పక్కకి లాగింది. వీధికి అవతల, మందుల షాపు ముందు, నలభై ఏడో నంబరు బస్సు అప్పుడే వచ్చి ఆగింది. తలుపు అవతలి వైపుంది. షాపు కనపడకుండా బస్సు అడ్డంగా నిలబడింది. కిటికీల్లోంచి జనం లేచి కదలడం కనపడుతోంది గానీ ఎవరెవరో తెలియడం లేదు.

"నేను బావకీ స్టేషన్‌కీ చేస్తా, నువ్వు పో!" అంది అక్క. పై గొళ్ళెం తీయబోతే ఇరుక్కుంది. ఎప్పుడూ పెట్టని గొళ్ళెం. అక్క భుజంతో తలుపుని నెట్టి లాగితే ఊడొచ్చింది.

చిన్ని చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. పరిగెత్తుతూనే మనసులో బుజ్జికి చెబుతోంది. రెండేళ్ళుగా చెప్పనిదంతా, మెట్టుకో మాట చొప్పున, ఒక్క ఊపిరిలో చెబుతోంది. వెళ్ళకమ్మా, ఎవరు పిలిచినా వెళ్ళకు, నాన్న పిలిచినా వెళ్ళకు.

వీధిలోకి వచ్చేసరికి బస్సు కదిలింది.

అది పక్కకి తప్పుకోగానే షాపు కనపడింది. బావ ఉన్నాడు. క్షేమంగానే ఉన్నాడు. చెవికి ఫోన్ పెట్టుకుని, వీధికి వీపు పెట్టి, ఇంకో చెవి మూసుకుని నిలబడ్డాడు. అక్క గొంతే వింటున్నాడో ఏమో. అతని చెయ్యి పట్టుకుని ఉండాల్సిన బుజ్జి అతని పక్కన లేదు.

"బుజ్జీ!"

పిల్ల వినిపించుకోలేదు. షాపు మెట్ల దగ్గర ఉంది. సంచీ నేల మీద పడేసి, దాచుకున్న బొమ్మల కాగితాలు గబగబా బయటికి తీస్తోంది. తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, మెట్ల పైనున్న ఎవరికో చూపిస్తూ నవ్వుతోంది.